పాత క్యారవాన్‌లో ఛార్జింగ్ నిలవట్లేదా? బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టండి

రావులపాలెంలోనో భీమవరంలోనో ఏదైనా బ్యాటరీ షాపు ముందు పాత క్యారవాన్ ఆపి, "రాత్రి రెండు గంటలు ఫ్యాన్ తిరిగేసరికి కరెంటు అయిపోతోందండి" అని చెప్పి చూడండి. బానెట్ తియ్యకుండానే "బ్యాటరీ పోయిందండి, కొత్తది వేసేద్దాం" అంటారు. ఒక్కోసారి అది నిజమే. కానీ కొత్తది వేసిన కొన్నాళ్లకే మళ్లీ అదే గొడవ మొదలైతే తప్పు బ్యాటరీది కాదు, దానిదాకా కరెంటు వచ్చే దారిది. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఉప్పుగాలిలో తిరిగే బండైతే ముందు అనుమానించాల్సింది ఆ దారినే.

ఒక మల్టీమీటరు, కాస్త ఓపిక ఉంటే ఇదంతా ఇంటి ముందే చూసుకోవచ్చు. వ్యాన్‌ని ఇల్లులా మార్పించుకున్నా, షూటింగుల్లో తిరిగి తిరిగి అమ్మకానికొచ్చిన క్యారవాన్ కొన్నా పద్ధతి ఒకటే.

ముందు మీ బండి వైరింగ్ అర్థం చేసుకోండి

పాత క్యారవాన్‌లో మామూలుగా రెండు బ్యాటరీలుంటాయి. ఒకటి సెల్ఫ్ కొట్టడానికి, రెండోది లోపలి లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల పంపు, ఫ్రిజ్ నడపడానికి. ఈ రెండోదాన్ని ఇంటి బ్యాటరీ అందాం. దీనికి ఛార్జింగ్ మూడు దారుల్లో వస్తుంది: ఇంజిను మీది ఆల్టర్నేటర్ నుంచి (మన మెకానిక్కులు డైనమో అనేది దీన్నే), బయట ప్లగ్గు పెట్టినప్పుడు ఛార్జర్ నుంచి, పైకప్పు మీద సోలార్ ప్యానెల్ ఉంటే దాన్నుంచి. ఈ మూడింట్లో ఏది పని చేస్తోంది, ఏది చెయ్యట్లేదు అన్నది తేలితే సగం పని అయిపోయినట్టే. మూడూ పని చేస్తున్నా నిలవకపోతే బ్యాటరీ మీదా, ఆపి ఉంచినప్పుడు కరెంటు తాగే సరుకు మీదా అనుమానపడాలి.

ఒక కాగితం మీద బొమ్మ గీసుకోండి. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోంది, మధ్యలో ఏ ఫ్యూజు ఉంది, ఎర్తు ఎక్కడ బిగించారు. మీకంటే ముందు నలుగురు ఎలక్ట్రీషియన్లు నాలుగు రకాలుగా వైర్లు లాగి ఉంటారు కాబట్టి, తెచ్చినప్పుడు ఇచ్చిన డయాగ్రమ్‌ని నమ్మొద్దు.

పెద్ద బస్సు ఛాసిస్ మీద కట్టిన బండైతే 24 వోల్టుల సిస్టమ్ ఉండొచ్చు. అప్పుడు కింద చెప్పే బ్యాటరీ, ఛార్జింగ్ వోల్టుల అంకెలు రెట్టింపు చేసుకోండి, దారిలో పోయే వోల్టుల అంకెలు మాత్రం అలాగే ఉంచండి. అలాంటి బండిలో స్టీరియోకో లైట్లకో రెండు బ్యాటరీల్లో ఒకదాన్నుంచే 12 వోల్టులు లాగారేమో కూడా చూడండి. అలా లాగితే ఆ బ్యాటరీ ఎప్పుడూ అరకొర ఛార్జ్‌లో ఉంటుంది, పక్కది ఓవర్‌ఛార్జ్ అవుతుంది, చివరికి రెండూ పోతాయి. దానికి 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టించడమే మందు.

ఇంకో మాట. ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీలోంచి వచ్చే హైడ్రోజన్ మంటకి అంటుకుంటుంది. దగ్గర్లో బీడీ, సిగరెట్, అగరొత్తి ఏదీ ఉండకూడదు. చేతికున్న ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర.

1. బండి ఆపి ఉన్నప్పుడు కొలవండి

ఛార్జర్, సోలార్ రెండూ తీసేసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నే ఏదీ ఆన్ చెయ్యకుండా మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, మొనలను క్లాంపుల మీద కాకుండా నేరుగా సీసం పోస్టుల మీద ఆనించండి. 12.6 నుంచి 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు. 11.8 కంటే దిగితే ఖాళీ. అప్పుడే వచ్చి ఆగిన బండిలో 13 కనిపిస్తే సంబరపడొద్దు, అది పైపై ఛార్జ్. హెడ్‌లైట్లు రెండు మూడు నిమిషాలు వేసి ఆపి, కాసేపాగి చూడండి.

ఎంతసేపు ఛార్జర్ పెట్టినా 10.5 దగ్గరే కూర్చుంటే ఒక సెల్లు షార్ట్ అయినట్టు. అలాంటి బ్యాటరీకి ఇక ఖర్చు పెట్టడం దండగ. ఛార్జర్ పెట్టిన గంటకే ఫుల్ అని చూపించి, రెండు లైట్లు వెయ్యగానే వోల్టేజీ జారిపోతుంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడింది. వారాల తరబడి ఖాళీగా వదిలేసిన బ్యాటరీలకి వచ్చే జబ్బు ఇది.

మూతలు తీసే రకం అయితే నీళ్లు చూడండి. పలకలు బయటికి తేలి ఉంటే అవి మునిగేవరకు డిస్టిల్డ్ వాటర్ పోసి ఛార్జ్ పెట్టండి, ఫుల్ అయ్యాక గుర్తుదాకా నింపండి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. తీరం పక్క ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన, అవి బ్యాటరీలో పొయ్యనే కూడదు. కాలవ నీళ్లూ వద్దు. ఫుల్ ఛార్జ్ తర్వాత హైడ్రోమీటరు (యాసిడ్ చిక్కదనం కొలిచేది) పెడితే ఆరు సెల్లులూ దాదాపు ఒకే అంకె చూపించాలి, 1.250 ప్రాంతంలో. ఒక సెల్లు మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే దాని పని అయిపోవచ్చినట్టే.

ఇంటి బ్యాటరీ సామర్థ్యం తేల్చడానికి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. ఫుల్ ఛార్జ్ చేసి 60 వాట్ల పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి తగిలించండి. అది సుమారు 5 యాంప్‌లు లాగుతుంది. 100 ఏహెచ్ (యాంప్-అవర్, అంటే యాంప్‌లని గంటలతో గుణిస్తే వచ్చే అంకె) బ్యాటరీ బాగుంటే పది గంటల తర్వాత కూడా 12 వోల్టులకి అటూ ఇటూగా ఉండాలి. నాలుగు గంటలకే 11.5కి వచ్చేస్తే షాపువాడి మాట నిజమే, కొత్తది కొనండి. ఇంజిను బ్యాటరీకి ఇంత తతంగం లేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటరు చూడండి, 10 వోల్టుల దిగువకి పడకుండా ఉంటే చాలు.

2. ఇంజిను ఆన్ చేసి కొలవండి

బండి స్టార్ట్ చేసి ఎక్సలేటర్ కొంచెం తొక్కి పట్టమనండి. ఇంజిను బ్యాటరీ పోస్టుల మీద 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. మన ఎండాకాలంలో ఆ పరిధిలో కింది వైపు ఉంటేనే బ్యాటరీకి మంచిది. 25 డిగ్రీల దగ్గర 14.4 సరిపోయే బ్యాటరీకి 40 డిగ్రీల్లో ఇంచుమించు 0.3 వోల్టు తక్కువ చాలు.

స్టార్ట్ చెయ్యకముందు ఎంతుందో తర్వాతా అంతే ఉంటే ముందు బెల్టు చూడండి. లోపలి వైపు నున్నగా మెరుస్తున్నా, బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు కంటే బాగా ఎక్కువ దిగుతున్నా జారుతోందని అర్థం. బెల్టు బాగుంటే డాష్‌బోర్డు మీది బ్యాటరీ గుర్తు లైటు చూడండి. కీ తిప్పగానే వెలగాలి, ఇంజిను అందుకోగానే ఆరిపోవాలి. కీ తిప్పినప్పుడు అసలు వెలగకపోతే చాలామంది "లైటే కదా" అని వదిలేస్తారు. పాత బళ్లు చాలావాటిలో ఆ బుల్లి బల్బు గుండా వెళ్లే కరెంటుతోనే ఆల్టర్నేటర్ మేల్కొంటుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ బాగున్నా ఛార్జింగ్ మొదలవదు. ఆల్టర్నేటర్ విప్పించి కూలీ ఇచ్చుకునే ముందు బల్బు మార్చి చూడండి.

15 దాటిపోతుంటే వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది, మనవాళ్ల భాషలో కటౌట్. నీళ్లు తొందరగా అయిపోవడం, కుళ్లిన గుడ్డు వాసన, బ్యాటరీ పక్కలు ఉబ్బడం దీని గుర్తులు. అలాంటి బండిని అలాగే దూరం నడపొద్దు.

ఉత్తప్పుడు 14.2 ఉండి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వెయ్యగానే 13 కంటే దిగిపోతే ఆల్టర్నేటర్ లోపల డయోడో, బ్రష్‌లో అరిగి ఉండొచ్చు. మీటరును ఏసీకి మార్చి బ్యాటరీ మీదే కొలవండి. అర వోల్టు కంటే ఎక్కువ ఏసీ కనిపిస్తే డయోడ్ పోయినట్టే.

కొందరు పాత మెకానిక్కులకి ఒక అలవాటుంది. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే "డైనమో బాగుంది" అని తేల్చేస్తారు. అసలైన పాత డైనమోల రోజుల్లో చెల్లింది. ఆల్టర్నేటర్ ఉన్న బండికి అలా చేస్తే ఒక్కసారిగా వోల్టేజీ ఎగిసి డయోడ్లు, స్టీరియో, లోపలి కంట్రోలర్లు కాలిపోతాయి. మీ ఎదురుగా ఎవరైనా పాన పట్టుకుని అటు వెళ్తే మొహమాటపడకుండా ఆపండి.

చాలా పాత డీజిల్ బళ్లలో ఆల్టర్నేటర్ వెనకే బ్రేకుల వాక్యూమ్ పంపు ఉంటుంది. దాని సీలు కారితే ఆయిల్ లోపలికి పోయి బ్రష్‌లు పాడవుతాయి. కాబట్టి ఆల్టర్నేటర్ వెనక జిడ్డు కనిపిస్తే సీలు కూడా మార్పించండి. బెల్టు తెగితే ఛార్జింగ్ ఒక్కటే కాదు, బ్రేకు పెడల్ కూడా గట్టిపడిపోయి బండి సరిగ్గా ఆగదు. "బ్యాటరీలో ఛార్జ్ ఉంది కదా, మెల్లగా వెళ్లిపోదాం" అని చించినాడ వంతెన ఎక్కొద్దు.

3. దారి వెతకండి

అసలు పని ఇక్కడుంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా, కాలవలో గుర్రపుడెక్క పేరుకుంటే శివారు పొలం తడవదు. ఆల్టర్నేటర్ దగ్గర 14.3 ఉండి బ్యాటరీ దగ్గర 13.4 ఉంటే మీ బండిలో జరుగుతున్నదీ అదే. అయితే ఊరికే రెండు చోట్లా కొలిస్తే ఇది బయటపడకపోవచ్చు, కరెంటు పారుతున్నప్పుడే పట్టుకోవాలి.

ఇంజిను ఆన్‌లో ఉంచి హెడ్‌లైట్లు, బ్లోయర్ వెయ్యండి. మీటరు ఒక మొన ఆల్టర్నేటర్ వెనకున్న లావు వైరు బోల్టు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెట్టండి. 0.3 వోల్టు కంటే తక్కువ రావాలి. తర్వాత ఒక మొన ఆల్టర్నేటర్ బాడీ మీద, రెండోది బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద. ఇక్కడ 0.2 లోపు ఉండాలి. ఎక్కువొస్తే ఆ దారిలోనే ఒక్కో జాయింటూ దాటుకుంటూ మొన జరపండి. ఏ జాయింటుకి ఇటూ అటూ అంకె ఒక్కసారిగా పెరిగిందో దొంగ అక్కడున్నాడు. ఈ పని చేస్తున్నప్పుడు చొక్కా చేతులు, మీటరు వైర్లు బెల్టుకి, ఫ్యానుకి దూరంగా ఉంచండి.

మన దగ్గర ఎక్కువగా దొరికేది నెగెటివ్ వైపే. ఇంజినుకి, ఛాసిస్‌కి మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. బయటికి గ్రీజు, దుమ్ము పట్టి గట్టిగానే కనిపిస్తుంది. బోల్టు విప్పితే వాషరు కింద ఛాసిస్ తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది, పట్టీ చివర పచ్చటి చిలుము రాలుతుంది. వైరు చివర టేపు చుట్టిన చోట్లు ఇంకా మోసం చేస్తాయి. బ్లేడుతో టేపు చీల్చి లోపలి రాగి చూడండి. ఎర్రగా మెరవాల్సింది నల్లగా మారి, వేలితో నలిపితే పోగులు పుటుక్కున తెగుతాయి. అక్కడ కొత్త థింబుల్ (బోల్టుకి బిగించే రింగు) నొక్కినా లాభం లేదు. మెరిసే రాగి తగిలేదాకా వెనక్కి కొయ్యాలి, పొడవు చాలకపోతే వైరే మార్చాలి.

శుభ్రం చెయ్యడం ఇలా. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి ఉంటే గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పొయ్యండి, నురగ ఆగేదాకా. సెల్లు మూతలు బిగించి ఉండాలి, ఆ నీళ్లు లోపలికి పోకూడదు. మంచినీళ్లతో కడిగి తుడిచి, వైరు బ్రష్‌తో పోస్టు, క్లాంపు లోపలి వైపు మెరిసేలా రుద్దండి. ఛాసిస్ మీద ఎర్తు బిగించే చోట ఉప్పు కాగితంతో పెయింటు, తుప్పు తీసేసి తెల్లటి ఇనుము తేలేలా చెయ్యండి. బిగించాకే పైన గ్రీజో వ్యాజిలినో పట్టించండి. ముందు రాసి తర్వాత బిగించేవాళ్లున్నారు, ఈ గాలికి ఆ వరస వద్దు. ఎర్తు పట్టీ ఎలా ఉందో తేల్చుకోలేకపోతే ఇంజినుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొత్త లావు కేబుల్ ఒకటి నేరుగా వేసేయండి. చవకైన పని, సగం దయ్యాలు దానితోనే వదులుతాయి.

4. ఇంటి బ్యాటరీదాకా వస్తోందా?

ఇంజిను బ్యాటరీ మీద 14.2 ఉంది, ఇంటి బ్యాటరీ మీద 12.5 ఉంది అనుకోండి. ఛార్జింగ్ వచ్చేటప్పుడే రెండు బ్యాటరీల్నీ కలిపే ఐసోలేటర్ మధ్యలో కలవట్లేదు, లేదా ఫ్యూజు పోయింది. ఫ్యూజుని కంటితో చూసి బాగుందని వదిలెయ్యొద్దు, కాళ్ల దగ్గర చిలుము పట్టినా కరెంటు పారదు. దానికి రెండు పక్కలా మీటరు పెట్టండి.

ఐసోలేటర్లలో వోల్టేజీ చూసి తనే కలిసే రిలే ఉంటే అది ఇంజిను బ్యాటరీ 13.3 ప్రాంతానికి రాగానే టక్‌మని కలుస్తుంది, 12.8 ప్రాంతంలో విడిపోతుంది. శబ్దం వచ్చినా లోపలి పాయింట్లు కాలిపోయి ఉండొచ్చు, కాబట్టి రెండు బోల్టుల మధ్యా కొలవండి. పాత బళ్లలో డయోడ్ రకం ఉంటే అది 0.6 నుంచి 0.7 వోల్టు తానే మింగేస్తుంది. అందుకే ఎంతదూరం నడిపినా ఇంటి బ్యాటరీ నిండదు. చెడిపోలేదు, దాని గుణమే అంత. తీసేసి రిలే పెట్టించండి.

వైరు సన్నదైనా ఇదే గతి. బ్యాటరీ అయిదు మీటర్ల దూరంలో ఉండి, రానూ పోనూ 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశారనుకోండి. 30 యాంప్‌లు పారితే దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. అదే 25 చదరపు మిల్లీమీటర్లదైతే 0.2 మాత్రమే. వైరు మారిస్తే ఫ్యూజు రెండు బ్యాటరీల వైపూ, పోస్టుకి దగ్గరగా ఉండాలి.

ఇవన్నీ బాగున్నా రాజమండ్రి నుంచి అమలాపురం దాకా నడిపి ఫుల్ అయిపోవాలనుకుంటే కుదరదు. సగం ఖాళీ అయిన 100 ఏహెచ్ బ్యాటరీ మొదట్లో గబగబా తీసుకుంటుంది, చివరి అయిదో వంతుకి గంటలు పడుతుంది. ఆ మిగిలింది ప్లగ్గో సోలారో పూర్తి చెయ్యాలి.

లిథియం బ్యాటరీకి మారాలనుకునేవాళ్లు ఆల్టర్నేటర్‌కి నేరుగా తగిలించొద్దు. అది ఆపకుండా లాగి ఆల్టర్నేటర్‌ని మాడ్చేస్తుంది. మధ్యలో కరెంటుని హద్దులో పెట్టే డీసీ టు డీసీ ఛార్జర్ తప్పనిసరి.

5. ప్లగ్గు పెట్టినప్పుడు

బయటి కరెంటు పెట్టి ఇంటి బ్యాటరీ మీద కొలిస్తే 13.5 పైన రావాలి. రాకపోతే ఛార్జర్‌ని తిట్టే ముందు లోపలికొచ్చే ఏసీ చూడండి. ఆక్వా చెరువుల్లో ఏరేటర్లు తిరిగే ఊళ్లలో సాయంత్రం పూట వోల్టేజీ పడిపోవడం కొత్త కాదు. రెగ్యులేషన్ లేని పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం ఛార్జర్‌కి 230 బదులు 180 వస్తే, 13.8 ఇవ్వాల్సింది 10.8 దగ్గర ఆగిపోతుంది. అంటే ఛార్జింగ్ సున్నా. తక్కువ వోల్టేజీలోనూ నిలకడగా ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ ఛార్జర్ కొనుక్కుంటే ఈ టెన్షన్ ఉండదు. చుట్టగా చుట్టి ఉన్న సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు కూడా ఇలాగే తినేస్తుంది, పైగా వేడెక్కుతుంది. వైరు పూర్తిగా విప్పి పరిచి, ఎర్తు ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టండి. బండి బాడీ ముట్టుకుంటే జిల్లుమంటే వెంటనే తీసెయ్యండి. 230 వైపు పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

6. సోలార్ ఉంటే

కోనసీమలో బండి పెట్టడానికి నీడ వెతకనక్కర్లేదు, సోలార్‌కి అదే శత్రువు. ప్యానెల్ మీద ఒక్క కొబ్బరాకు నీడ అడ్డంగా పడినా, సెల్లులన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి మొత్తం ఉత్పత్తి పడిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ప్యానెల్ వైర్లు విడదీసి కొలిస్తే 12 వోల్టుల రకానికి 20 పైన రావాలి. వచ్చినా బ్యాటరీ పెరగకపోతే, ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జ్ కంట్రోలర్‌నో, ప్యానెల్ వెనక కనెక్టర్లనో చూడండి. ఉప్పు పొర, కాకి రెట్టలు మంచినీళ్లతో కడగండి. తీసేటప్పుడు ప్యానెల్ ముందు, బ్యాటరీ తర్వాత. పెట్టేటప్పుడు బ్యాటరీ ముందు.

7. ఆపి ఉంచితే ఎవరు తాగుతున్నారు?

అన్నీ ఆఫ్ చేసి, నెగెటివ్ కేబుల్ విప్పి, పోస్టుకీ కేబుల్‌కీ మధ్య మీటరును 10 యాంప్‌ల రేంజిలో పెట్టండి. ఆ సమయంలో సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. 50 మిల్లీయాంప్‌ల లోపు ఉంటే సరే. 1 యాంప్ చూపిస్తే రోజుకి 24 ఏహెచ్, అంటే నాలుగు రోజుల్లో 100 ఏహెచ్ బ్యాటరీ ఖాళీ. ఒక్కో ఫ్యూజూ పీకుతూ రండి, ఏది పీకగానే అంకె పడిపోతుందో ఆ లైనులో ఉంది. ఎక్కువసార్లు దొరికేది ఆఫ్ చెయ్యని ఇన్వర్టరే. లోడు లేకున్నా దానంతటది యాంప్ దాకా లాగే రకాలున్నాయి. ఇన్వర్టర్ లావు వైరు నేరుగా బ్యాటరీకి పోయి ఉంటుంది కాబట్టి ఫ్యూజు బాక్సులో దొరకదు, విడిగా విప్పి చూడాలి.

కోతలయ్యాక పొలాల్లోని ఎలకలు బళ్లలోకి చేరతాయి. సీటు కిందా, ట్రంకింగ్ లోపలా కొరికిన వైరు బాడీకి తగులుతుంటే కరెంటు అలా అలా కారిపోతూనే ఉంటుంది. పిల్లి కంటే బండి కింది రంధ్రాలు జాలీతో మూసెయ్యడం నమ్మకం.

వానాకాలం మొత్తం బండి కదలకపోతే రెండు బ్యాటరీలూ ఫుల్ చేసి నెగెటివ్‌లు విప్పి ఉంచండి, లేదా బ్యాటరీని చేత్తో విడదీసే ఐసోలేటర్ స్విచ్ పెట్టించుకోండి. నెలకోసారి మీటరు పెట్టి చూసి, 12.4కి దిగితే ఛార్జర్ తగిలించండి. ఆ అంకె, తేదీ బ్యాటరీ మీదే టేపు అతికించి రాసుకుంటే, సంక్రాంతికి బండి తీసేటప్పుడు రెండింట్లో ఏది త్వరగా జారుతోందో చూడగానే తెలుస్తుంది.